క్లచ్ లేని బండి, తవిటయ్య ఎడమకాలు

ఖరగ్‌పూర్‌లో నాకు తెలిసి మొట్టమొదట క్లచ్ లేని కారు నడిపిన మనిషి మా బావ తవిటయ్య. ఆ కారు మాకొద్దు, క్లచ్ ఉన్నది ఇప్పించండి అని మొట్టమొదట అర్జీ పెట్టించిన మనిషి కూడా ఆయనే. ఆ అర్జీ రాసింది నేను. ఇది జరిగి ఇరవై ఏళ్లు దాటింది.

ముందు నా సంగతి రెండు ముక్కలు చెప్పాలి. లేకపోతే కార్ల గురించి చెప్పడానికి వీడెవడు అంటారు. నా పేరు చిన్నారావు. టెక్కలి పక్కన మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. అంతకు మించి చదువు లేదు. అయినా పద్దెనిమిదో ఏట ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో చేరి ముప్ఫై ఎనిమిదేళ్లు పళ్లచక్రాలు కోశాను. నేను కోసిన చక్రం పనికిరాదని వెనక్కి వచ్చిన రోజు ఒక్కటి కూడా లేదు. నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో మన తెలుగువాళ్లకు సెలవు చీటీ దగ్గర్నుంచి బదిలీ దాకా మూడు వందల పైచిలుకు అర్జీలు రాసి పెట్టాను. ఇంగ్లీషు దొర ఒకడు, వెళ్లిపోయే ముందు, నా దస్తూరీ చూసి ఎక్కడ చదివావని అడిగాడు. ఊరి పేరు చెబితే మళ్లీ చెప్పమన్నాడు. మన పఠనమందిరం పెట్టిన ఐదుగురిలో నేనొకణ్ణి. పన్ను తగిలిన చక్రం గురించి, కాగితం మీద పెట్టిన మాట గురించి నాకు తెలిసినంత ఈ పేటలో ఎవరికీ తెలియదనే అనుకునేవాణ్ణి. ఆ ఏడు ఆ రెండూ నన్ను మోసం చేశాయి.

తవిటయ్య మా అక్క దాలమ్మ భర్త. నాకన్నా ఆరేళ్లు పెద్ద. యుద్ధకాలంలో కలాయికుండా విమానాల మైదానం దగ్గర మిలటరీ లారీలు తోలి డ్రైవరయ్యాడు. యుద్ధం అయ్యాక గోల్‌బజార్‌లో కలప డిపో నడిపే బాలసుబ్రహ్మణ్యం గారి దగ్గర కుదిరాడు. ఆయనది గోదావరి వైపు ఊరు. రైలు పట్టాల కింద వేసే కొయ్య స్లీపర్లు సప్లై చేసేవారు.

బావ కారు నడిపేటప్పుడు కుడికాలికి చెప్పు ఉండేది, ఎడమకాలికి ఉండేది కాదు. కొత్తవాళ్లు నవ్వేవారు. ఆయన జవాబు ఒకటే:

"క్లచ్చు సెప్పుతో తొక్కితే ఏటి తెలుస్తాదిరా? సద్దిముద్ద సేత్తో కలుపుతాం గాని గరిటితో కలుపుతామేటి?"

విశ్వకర్మ పూజ నాడు ఆయన విద్య చూడ్డానికి జనం వచ్చేవారు. పొద్దున్న వర్క్‌షాపులో మిషన్లకు పూజ అయ్యాక ఎవరి బండికి వాళ్లు ఇంటి దగ్గర పూజ చేసుకోవడం ఇక్కడి ఆనవాయితీ. మనవాళ్లు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెడతారు. అందరూ వాటిమీద బండి ఎక్కించి పోతారు. బావ అలా పోడు. ఎడమకాలి వేళ్లతో క్లచ్‌ను కొద్దికొద్దిగా వదులుతూ చక్రాన్ని కాయ మీదికి ఎక్కించి, కాయ వంగి, రసం చెమర్చి, ఇంకొక్క వెంట్రుకవాసి అయితే తొక్క చిట్లుతుందనగా ఆపేవాడు. అక్కడ ఆపి హారతి తీసుకునేవాడు. హారతి తీసుకునేటప్పుడు ఇంజను ఆపనిచ్చేవాడు కాదు. "ఊపిరాడతన్న బండికే హారతి. సచ్చిన బండికి హారతేటి?" అనేవాడు. దిగి, బండి ముందు నిలబడి, హారతి కళ్లకద్దుకుని, మళ్లీ ఎక్కి అప్పుడు కాయలు పగలగొట్టేవాడు.

యాభై అయిదో సంవత్సరం శ్రావణంలో కలకత్తా నుంచి కొత్త కారు వచ్చింది. అమెరికా బండి. ఎనిమిది సిలిండర్లు. బాలసుబ్రహ్మణ్యం గారికి వేగమంటే పిచ్చి. కలాయికుండా అవతల యుద్ధం నాటి విమానాలు దిగే పాడుబడ్డ బాట ఉండేది. ఆదివారం పూట దానిమీద కారు పరుగెత్తించాలని ఆయన ముచ్చట. అదే ఇంజనుతో ఆ బండి రెండు రకాలుగా వచ్చేదట. ఒకటి క్లచ్, మూడు గేర్ల కర్ర ఉన్నది. రెండోది దానంతట అదే గేర్లు మార్చుకునేది. షోరూములో రెండోదే సిద్ధంగా ఉంది. మొదటిది కావాలంటే ఓడ రావాలి, నాలుగు నెలలు ఆగాలి. ఆయన ఆగలేదు.

షోరూము మనిషి కారు తెచ్చి డిపో ముందు ఆపి దిగాడు. బావ తలుపు తీసి, వంగి, లోపల కాళ్ల దగ్గర చూశాడు. ఇంకా వంగి చూశాడు. లేచేసరికి ముఖం పాలిపోయింది.

"బాబూ, ఒకటి తక్కువున్నాది. దారిలో ఎవుడో ఇప్పుకుపోనాడు."

"ఏంటయ్యా తక్కువ?" అన్నారు బాలసుబ్రహ్మణ్యం గారు.

"క్లచ్చు లేదు బాబూ! బ్రేకు, యాక్సిలేటరు, రెండే ఉన్నాయి."

పక్కన టాక్సీ దావీదు ఉన్నాడు. గోల్‌బజార్ స్టాండులో అతని నోటికి అదుపుండేది కాదు. "దొంగ తెలివైనోడు మామా. కారు వొదిలేసి క్లచ్చు పట్టుకుపోయినాడు," అన్నాడు. జనం నవ్వారు. షోరూము మనిషి వివరించాడు. ఈ బండికి క్లచ్ ఉండదు, ఎడమకాలికి పని లేదు, స్టీరింగు కింద ఉన్న చిన్న కర్రను ముందుకు పోయే గుర్తు దగ్గర పెట్టి కుడికాలితో నడపడమే అన్నాడు.

"మరి ఇంజనుకీ చక్రాలకీ మధ్య ఏముంది?" అని నేను అడిగాను.

"నూనె," అన్నాడు.

నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఒక పంకా ఎదురుగా ఇంకో పంకా పెట్టినట్టు ఉంటుందట. ఇంజను ఒక పంకాను తిప్పితే అది నూనెను విసురుతుందట, ఆ నూనె రెండో పంకాను తిప్పుతుందట. పన్ను పన్నును పట్టుకోకుండా అంత బరువు కదలడమా! ఆ రోజు అన్నం సయించలేదు నాకు. నా జీవితమంతా కోసిన పళ్లన్నీ ఒక గరిటెడు నూనె ముందు తేలిపోయినట్టు అనిపించింది.

బావకు జరిగింది అంతకంటే ఘోరం. బాలసుబ్రహ్మణ్యం గారినీ, ఆయన భార్య కన్యకాంబ గారినీ ఎక్కించుకుని మొదటిసారి ఝపటాపూర్ వైపు బయలుదేరాడు. బజారు మలుపు దగ్గర వేగం తగ్గించాలి. ఆయన ఎడమకాలు అలవాటు కొద్దీ క్లచ్ తొక్కింది. అక్కడ క్లచ్ లేదు. రెండు పాదాల వెడల్పున్న బ్రేకు ఉంది. క్లచ్‌ను తొక్కినంత బలంగా బ్రేకును తొక్కితే ఏమవుతుంది? అంత కారూ నేలలో పాతుకుపోయినట్టు ఆగింది. బాలసుబ్రహ్మణ్యం గారి నుదురు ముందు సీటుకు కొట్టుకుంది. అమ్మగారి తమలపాకుల డబ్బా కారంతా చిమ్మింది. ఆ సాయంత్రం లోపల మూడుసార్లు అలాగే జరిగింది. మూడోసారి సరిగ్గా టాక్సీ స్టాండు ముందే.

"ఏం మామా! బండి నడుపుతున్నావా, బాబు చేత దండాలు పెట్టిస్తున్నావా?" అని దావీదు కేక పెట్టాడు.

పదేళ్లుగా బావ బండిలో కూర్చున్నవాళ్ల గ్లాసులోంచి చుక్క ఒలకలేదు. ఆ రాత్రి మా ఇంటికి వచ్చి ఎడమపాదం చాచి దానికేసి చూస్తూ కూర్చున్నాడు.

"సిన్నారావు, ఇది బండి కాదురా. పచ్చవాతం వొచ్చిన బండి. ఎడంకాలు పడిపోయినోడు తోలుకోడానికి సేసినారు. నువ్వు కాగితం తియ్యి."

తీశాను. నాలుగు పేజీలు రాశాను. నా అర్జీలన్నింటిలో అదే గొప్పదని అప్పుడు అనుకున్నాను. ఇటువంటి బలమైన ఇంజనుకు క్లచ్ లేకపోతే గుర్రానికి కళ్లెం తీసి దాని ఇష్టానికి వదిలినట్టేనని రాశాను. గేరు మన చేతిలో ఉంటే విమానాల బాట మీద బండి మొదటి అంగకే దూకుతుందనీ, దీనిలో ఆ దూకుడు సగం నూనెలోనే కరిగిపోతుందనీ రాశాను. వానాకాలం బురదలో దిగబడితే ముందుకూ వెనక్కీ ఊపడానికి క్లచ్ లేకుండా ఎలాగని అడిగాను. దావీదు కూడా వచ్చి ఒక కారణం ఇచ్చాడు: బ్యాటరీ చచ్చిపోతే దీన్ని తోసి స్టార్టు చేయడం ఎవడికి తెలుసునని. అదీ చేర్చాను.

బాలసుబ్రహ్మణ్యం గారు రెండుసార్లు చదివారు. మొదటి అంగకే దూకుతుందన్న దగ్గర ఆయన కళ్లు మెరవడం చూశాను. కలకత్తా రాశారు. షోరూమువాళ్లు ఒప్పుకున్నారు. ఓడ వచ్చాక క్లచ్ బండి తెచ్చి ఇస్తాం, దీన్ని తీసుకుపోతాం అన్నారు. బావ ఆ రోజు మా పిల్లలందరికీ రసగుల్లాలు తెచ్చాడు. నేను అర్జీ నకలు పఠనమందిరంలో పదిమందికి చదివి వినిపించాను.

ఓడ రాకముందే విశ్వకర్మ పూజ వచ్చింది.

డిపో పెరట్లో స్లీపర్లు నిలువెత్తున పేర్చి ఉన్నాయి. వాటికేసి ముఖం పెట్టి కారు నిలిపారు. కారుకూ దొంతరకూ మధ్య నాలుగైదు గజాల చోటు. చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు. జనం మామూలుకన్నా ఎక్కువగా వచ్చారు. క్లచ్ లేకుండా తవిటయ్య కాయ మీద ఎలా ఆపుతాడో చూద్దామని.

బావ ఎక్కి ఇంజను స్టార్టు చేసి, కర్రను ముందుకు పోయే చోట పెట్టి, బ్రేకు మీద కాలుంచి కూర్చున్నాడు. కన్యకాంబ గారు కారుకు ఎదురుగా, దొంతరకు వీపు పెట్టి హారతి పళ్లెం పట్టుకుని నిలబడ్డారు. కర్పూరం వెలిగింది. "రావయ్యా తవిటయ్యా, హారతి ఆరిపోతుంది," అన్నారు.

బావ హ్యాండ్‌బ్రేకు టిక్ టిక్‌మని రెండు పళ్లు లాగి దిగాడు. చదును నేల మీద రెండు పళ్లు లాగడమే ఆయన అలవాటు. ఇంజను ఆపలేదు, అది ఆయన నియమం. కర్రను వెనక్కి తీయలేదు. ఎందుకు తీయలేదని తర్వాత నలుగురూ అడిగారు. పన్నెండేళ్లు క్లచ్ బండి నడిపిన ఒంటికి ఒకటే తెలుసు: బండి గేరులో ఉండగా క్లచ్ మీద నుంచి కాలు తీస్తే ఒక్క ఎగురు ఎగిరి ఇంజను ఆగిపోతుంది. ఇది ఎగరలేదు, ఆగలేదు. పిల్లిలా గురగురలాడుతూ నిలబడింది. ఇంకేముంది, నిలబడ్డ బండే అనుకుంది ఆ ఒళ్లు.

బావ వెళ్లి అమ్మగారి ఎదుట నిలబడి చేతులు హారతికి చాచాడు. ఆయన వీపు కారు వైపు. నేను పక్కనే ఉన్నాను.

టప్‌మని నిమ్మకాయ పగిలింది. తర్వాత ఇంకోటి. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను! ఆ తప్పు ఈ చేతులది. రెండు చప్పట్లు కొట్టాక నా తలలో వెలిగింది. డ్రైవరు బయట ఉన్నాడు. కారులో ఎవరూ లేరు. మరి కాయలెవరు తొక్కారు?

రెండు పళ్ల హ్యాండ్‌బ్రేకును జార్చుకుని కారు వస్తోంది. దెయ్యం పట్టినట్టు కాదు, మనిషి నడిచినంత నెమ్మదిగా, చప్పుడు లేకుండా, దాని దారిన అది వస్తోంది. నేను చప్పట్లకు ఎత్తిన చేతులతో అలాగే నిలబడ్డాను. దాలమ్మే అరిచింది: "ఓలమ్మో! బండి! బండి!"

బావ వెనక్కి తిరగలేదు. అమ్మగారిని భుజం పట్టి పక్కకు ఒక్క తోపు తోశాడు. పళ్లెం ఎగిరి పడింది. ఆవిడ పడ్డారు, బతికారు. బావ తప్పుకునేలోపల ముందు చక్రం ఆయన ఎడమపాదాన్ని కింద పడి ఉన్న ఒక స్లీపరుకు అదిమిపెట్టింది. చెప్పు లేని పాదం. అదిమి కూడా కారు ఆగలేదు. కర్ర ముందుకే ఉంది గనక ఇంజను నెమ్మదిగా నెడుతూనే ఉంది. దావీదు కిటికీలోంచి సగం దూరి తాళం తిప్పేసేదాకా నెడుతూనే ఉంది.

ఆసుపత్రిలో చీలమండకు పైన తీసేశారు.

పది రోజులకు బావ నాతో మాట్లాడిన మొదటి మాట ఇది: "సిన్నారావు, క్లచ్చు బండి ఎప్పుడొస్తాదన్నారు?"

"కార్తీకంలో, బావా," అన్నాను. అన్నాక ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అప్పటిదాకా మాకు తట్టనే లేదు. ఖరగ్‌పూర్‌లో ఉన్న ప్రతి కారు, ప్రతి లారీ, దావీదు టాక్సీ, అన్నింటికీ ఎడమకాలు కావాలి. ఒక్క బండికి అక్కర్లేదు. ఆ ఒక్కదాన్ని పంపేయమని నాలుగు పేజీల అర్జీ రాసినవాణ్ణి నేను.

ఆసుపత్రి కిటికీ బయట రోడ్డు. ఒక లారీ ఎత్తు ఎక్కుతూ గేరు మార్చింది. అదే క్షణాన దుప్పటి కింద బావ ఎడమతొడ కిందికి అదిమింది. మళ్లీ లారీ గేరు మార్చింది. మళ్లీ తొడ అదిమింది. లేని పాదం క్లచ్ తొక్కుతోంది. నేను లేచి వరండాలోకి వెళ్లి గోడ పట్టుకుని నిలబడ్డాను. మిషన్ షాపులో వేళ్లు తెగిపోయిన మనుషుల్ని చూసినవాణ్ణి నేను. అయినా అది చూడలేకపోయాను.

ఇంటికి వచ్చాక, ఆ బండినే ఉంచమని ఇంకో అర్జీ రాస్తానన్నాను. బావ గోడ వైపు తిరిగాడు.

"పచ్చవాతం బండని ఊరంతా సాటింపు ఏసినాను. అది వొద్దని నీ సేత పేజీలు రాయించినాను. ఇప్పుడు అదే గావాలని ఏ మొకం ఎట్టుకుని అడగమంటావురా?"

దాలమ్మ పొయ్యి దగ్గర్నుంచి అంది: "ఉన్న మొకంతోనే అడుగు. పోనాది కాలు. మొకం ఉన్నాది కాదేటి?"

బావ గోడ వైపు నుంచి ఇటు తిరిగి, "రాయి," అన్నాడు. "తవిటయ్యకి ఆ బండి ఉంచండి. అంతే. ఇంకేటీ కలపకు."

నేను రాసిన వాటిలో అంత చిన్న అర్జీ ఇంకోటి లేదు.

బాలసుబ్రహ్మణ్యం గారు చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నాకేం అభ్యంతరం లేదయ్యా చిన్నారావూ. నా ముచ్చట నేను మానుకుంటాను. కానీ మా ఆవిడ ఆ బండి ఎక్కనంటోంది. ఇంటి ఇల్లాలు ఎక్కని బండి వాకిట్లో పెట్టుకుని ఏం చేయను? ఓడ వచ్చేసింది. మంగళవారం షోరూమువాళ్లు వస్తున్నారు."

కన్యకాంబ గారు లోపలి నుంచి వచ్చారు. "తవిటయ్య నాకు ప్రాణం పోశాడు బాబూ. అతను బతికున్నంతకాలం ఈ డిపో గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెడతాం, ఏ లోటూ రానివ్వం. ఆ బండి మాత్రం నా కళ్లకు కనిపించకూడదు. మనిషి లేకుండా నడిచి వచ్చిందయ్యా అది!"

వచ్చి బావకు చెప్పాను. ఆయన గేటు దగ్గర కుర్చీ అన్న మాట దగ్గర ఆపాడు నన్ను.

"గేటు కాడ కుర్సీయా?" అన్నాడు. అంతే అన్నాడు. ఆ గొంతు వినకుండా ఉంటే బాగుండేదనిపించింది.

ఆదివారం పొద్దున్న దాలమ్మ ఆయన్ని రిక్షాలో డిపోకు తీసుకొచ్చింది. చెంగులో నాలుగు నిమ్మకాయలు తెచ్చింది. నన్ను కర్పూరం తెమ్మంది. ఎందుకో చెప్పలేదు. ఆవిడ వెళ్లి వరండాలో ఉన్న అమ్మగారికి దండం పెట్టి, "అమ్మగోరూ, మీరు బండెక్కొద్దు. అక్కడి నుంచే ఒక్కసారి సూడండి. సూసినాక మీ ఇష్టం," అంది.

కారు ఆ పెరట్లోనే, ఆ దొంతరకే ముఖం పెట్టి ఉంది. ఆనాడు వెనక్కి నెట్టాక దాన్ని ఎవరూ ముట్టలేదు. బాలసుబ్రహ్మణ్యం గారు తాళం ఇచ్చారు. బావ చంకకర్రలు పక్కన పెట్టి సీట్లో కూర్చున్నాడు. దాలమ్మ తన భుజం మీది గమ్ఛా తువ్వాలు తీసి ఆయన ఎడమతొడను సీటుకు గట్టిగా కట్టింది.

"ఇదేటే?" అన్నాడు.

"నీ కాలు నాకు తెల్దేటి? లేకపోనా తొక్కుతాది. పడుకో ఎట్టినాను."

తర్వాత ఆవిడ నిమ్మకాయలు చక్రాల ముందు పెట్టింది. బాగా నిగనిగలాడే ఆకుపచ్చ కాయలు. పళ్లెంలో కర్పూరం వెలిగించుకుని నడిచి వెళ్లి కారుకు ఎదురుగా నిలబడింది. నాలుగైదు గజాల దూరంలో కాదు. బంపరుకు జానెడు దూరంలో. వీపు దొంతర వైపు.

"అక్కా! నీకు మతి పోయిందా? పక్కకు రా!"

"నువ్వు అర్జీలు రాసుకో తమ్ముడూ. ఇది నా పని."

వరండాలో కన్యకాంబ గారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. బాలసుబ్రహ్మణ్యం గారు రెండడుగులు ముందుకు వేసి ఆగిపోయారు.

బావ హ్యాండ్‌బ్రేకు లాగాడు. పళ్లు ఒక్కొక్కటే వినిపించాయి. రెండు కాదు, ఇక లాగడానికి వీల్లేనంతదాకా లాగాడు. ఇంజను స్టార్టు చేశాడు. కర్ర వేశాడు. అప్పుడు కుడికాలు బ్రేకు మీద పెట్టి హ్యాండ్‌బ్రేకు వదిలాడు. ఆ కాలికి చెప్పు లేదు. అది అప్పుడే చూశాను నేను. బండి సీట్లో ఆయన కుడిపాదం వట్టిది కావడం నేను చూసినంతలో అదే మొదలు.

గమ్ఛా కింద తొడ ఒక్కసారి ఎగిరింది. కట్టు పట్టి ఉంచింది. ఆయన కళ్లు మూసుకుని తెరిచాడు.

బ్రేకు మీద వేళ్లు కొద్దిగా వదిలాయి. కారు కదిలింది. ఆనాడు నన్ను రాయిని చేసిన అదే నడక. ఈసారి ఆ నడకను ఆయన కుడికాలి వేళ్లు పట్టుకున్నాయి. వదిలాయి, పట్టుకున్నాయి, ఇంకాస్త వదిలాయి. చక్రం కాయను తాకింది. కాయ వంగింది. బంపరు దాలమ్మ చీర కుచ్చిళ్లను తాకింది. ఆవిడ కదల్లేదు. పళ్లెంలో మంట కూడా వణకలేదు.

కాయ చెమర్చింది. తొడిమ దగ్గర్నుంచి రసం ఒక్క చుక్క మట్టిలో పడింది. కారు ఆగింది.

బావ హ్యాండ్‌బ్రేకు మళ్లీ చివరిదాకా లాగాడు. కర్రను ఆపే చోటికి జరిపాడు. తర్వాత చేసిన పనికి నేను ఉలిక్కిపడ్డాను. తాళం తిప్పి ఇంజను ఆపేశాడు. సచ్చిన బండికి హారతేటి అని పదేళ్లుగా అన్న మనిషి!

గమ్ఛా విప్పుకుని, చంకకర్రలు అందుకుని, దిగి, వరండా ముందుకు వచ్చి తాళం చాచాడు.

"అమ్మగోరూ, ఇకనించి ఆగిన బండికే హారతి. ఇది మీ కాడ ఉండనీండి. నాను బండి ఎదర నిలబడతాను. తాళం మీ సేతిలో ఉన్నాక అప్పుడు దాలమ్మ ఇస్తాది హారతి. ప్రతి ఏడూ ఇలగే."

కన్యకాంబ గారు తాళంకేసి చూశారు, కారుకేసి చూశారు, ఇంకా అక్కడే నిలబడి ఉన్న దాలమ్మకేసి చూశారు. మెట్లు దిగి వచ్చి తాళం తీసుకుని గుప్పిట మూశారు. బావ వెళ్లి బంపరు ముందు నిలబడ్డాడు. దాలమ్మ హారతి ఇచ్చింది. ఆవిడ చెయ్యి అప్పుడు వణికింది. అప్పుడే వణికింది.

అమ్మగారు వెనక తలుపు తానే తీసుకుని ఎక్కి కూర్చున్నారు. "దాలమ్మా, నువ్వూ ఎక్కు. ఝపటాపూర్ దాకా వెళ్లొద్దాం," అన్నారు. కిటికీలోంచి చెయ్యి చాచి తాళం బావకు ఇచ్చారు.

మంగళవారం షోరూమువాళ్లు క్లచ్ బండి తెచ్చి, టీ తాగి, దాన్నే వెనక్కి తోలుకుపోయారు. కుడికాలితో బండి నడపడానికి బావకు లైసెన్సు ఉంచమని మిదనాపూర్ జిల్లా కచేరీకి నేను మళ్లీ రాశాను. మంజూరైంది. ఆ సంగతి వేరు.

ఆ ఆదివారం కారు కాయల మీద నుంచి వెనక్కి దిగి గేటు దాటి వెళ్లాక పెరట్లో నేనొక్కణ్ణే మిగిలాను. మట్టిలో నాలుగు నిమ్మకాయలున్నాయి. వంగి ఒక్కొక్కటే ఏరి, తుడిచి, వెలుగులో తిప్పి చూశాను. పళ్లచక్రం పన్ను సరిచూసే కళ్లు ఇవి. నాలుగూ నలిగి ఉన్నాయి, తడిగా ఉన్నాయి. ఒక్కదాని తొక్కా చిట్లలేదు.